ఇద్దరి మెయిల్‌లో మూడో మనిషి

"చంటీ, తలుపు తియ్యి. ఎనిమిదిన్నర అవుతోంది."

చంటి తియ్యలేదు. స్నానం ముగిసి పది నిమిషాలైంది. బట్టలు కట్టుకుని, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, కుళాయి ఇంకాస్త తిప్పింది.

"నీళ్లశాఖలో పనిచేసేవాడి ఇంట్లో నీళ్లలా వృథాగా..." బయట మాట సగంలోనే ఆగిపోయింది. మూడు రోజులుగా ఆ ఇంట్లో నీళ్లశాఖ మాటెత్తితే చాలు, చంటికి అరికాలి మంట నెత్తికెక్కుతోంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఊరి మంచినీళ్ల శాఖలో చంటి మొగుడు డిప్యూటీ డైరెక్టరు. ఆఫీసులో అందరూ డిప్యూటీ గారంటారు. వీధిలోనూ అదే పిలుపు. ఇరవై ఏళ్ల సర్వీసులో మొండి కాంట్రాక్టర్లని నోటిమాటతోనే దారికి తెచ్చుకున్న మనిషి, ఇవాళ స్నానాలగది తలుపు ముందు భుజాన తువ్వాలేసుకుని బతిమాలుతున్నాడు.

"పాస్‌వర్డ్ ఒక్కటి చెప్పు. రెండు నిమిషాలు చూసుకుంటాను, అంతే."

"ఎవరావిడ?"

"ఎన్నిసార్లు చెప్పాలి? ల్యాబ్ మేడమ్. ట్యాంకుల్లో నీళ్లు పరీక్ష చేస్తుంది, రిపోర్టు పంపుతుంది. అంతా ఆఫీసు పని."

"ఆఫీసు పనికి ఆఫీసు మెయిల్ లేదా?"

చంటి కుళాయి కట్టేసింది. బయట చప్పుడు లేదు. ఆయన నీళ్లు నమిలినప్పుడల్లా ఇంతే, గడియారం టిక్కుటిక్కు కూడా వినపడుతుంది. సరిగ్గా ఇదే ప్రశ్న నిన్న విచారణ అధికారి కూడా అడిగాడని, ఆయనకీ ఇదే నిశ్శబ్దం ఎదురైందని చంటికి అప్పటికి తెలియదు.

"ఆఫీసు మెయిల్ బుధవారానికల్లా నిండిపోతుందే," అన్నాడు చివరికి. "ఫోటో అంత ఫైలు కూడా వెళ్లదు. మా దగ్గర అందరూ పర్సనల్‌కే పంపించుకుంటారు. ఆఫీసు బీరువా తలుపు లోపల అందరి పర్సనల్ అడ్రసులూ రాసిన కాగితం అంటించి ఉంటుంది. కావాలంటే వచ్చి చూసుకో."

"ఆ కాగితం మీద మన అడ్రసు రాశారా?"

మళ్లీ గడియారం.

అక్కడే ఉంది అసలు మంట. ఆయనకి చాటుగా ఇంకో మెయిలుండి, అందులో ఇంకొకతె ఉంటే అదొక రకం. ఇది అది కాదు. పెళ్లయిన కొత్తలో ఇంటర్నెట్ సెంటర్లో ఒక్క కుర్చీలో చెరో సగం కూర్చుని తెరుచుకున్న మెయిల్ ఇది. ఇద్దరి పేర్లూ కలిపి పెట్టుకున్న అడ్రసు, ఇద్దరికి తప్ప మూడో ప్రాణికి తెలియని పాస్‌వర్డు. తర్వాత ఎవరి ఫోన్లు వాళ్లకొచ్చాయి, చంటి దాని మాటే మరిచిపోయింది. మొన్న శనివారం కూతురి కాలేజీ ఫారానికి పాత సర్టిఫికెట్టు కావాల్సొచ్చి తెరిచింది.

మూడు వందల పన్నెండు మెయిళ్లు. అన్నీ ఒక్క మనిషి దగ్గర్నుంచే.

తన వంటగదిలోకి ఎవరో పరాయి మనిషి వచ్చి, తన డబ్బాలోంచే పంచదార తీసుకుని, తీరిగ్గా టీ కాచుకుని తాగుతుంటే చూసినట్టయింది చంటికి. అక్కడికక్కడే పాస్‌వర్డు మార్చేసింది. ఆ తర్వాత రెండు రోజులు షాపుకి సెలవు పెట్టి మెయిళ్లన్నీ చదివింది.

తలుపు తీసి బయటికొచ్చేసరికి వదిన కూడా హాల్లో తయారుగా ఉంది. డిప్యూటీకి అక్క. రెండు వీధుల అవతల ఉంటుంది. ఈ ఇంట్లో గొడవైతే ఆవిడకి ఎవరూ కబురు పెట్టక్కర్లేదు, గాలే చెబుతుంది. ఆదివారం పొద్దుట వచ్చింది, కదల్లేదు.

"తేలిందా?" అంది వదిన, సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుంటూ.

"ఆఫీసు పనట."

"ఏరా తమ్ముడూ, ఆఫీసు పనైతే అంకెల్లో రాసుకోవడమేమిటి? చంటి చూపించింది నాకు. సున్నా పాయింటు ఒకటి అంటుందావిడ. సున్నా పాయింటు సున్నా ఐదు అంటుంది మర్నాడు. మనిషికీ మనిషికీ మధ్య అంకెలొచ్చాయంటే అది మామూలు వ్యవహారం కాదు."

"అది క్లోరినక్కా!" డిప్యూటీ తల పట్టుకున్నాడు. "నీళ్లలో ఎంత క్లోరిన్ మిగిలిందో ఆ లెక్క."

"ఏమో, మాకేం తెలుసు. మేం చదువుకోనివాళ్లం."

చంటి అంకెల జోలికి పోలేదు. ఆమె చూసినవి పిలుపులు. మొదటి నెలలో 'గౌరవనీయులైన మేడమ్ గారికి' అని రాసేవాడు. నాలుగో నెలలో 'మేడమ్ గారికి' అయింది. ఏడాది తిరిగేసరికి ఆ పిలుపు కూడా పోయింది, నేరుగా విషయంలోకే. చంటి దృష్టిలో ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కట్టుకున్న పెళ్లాంతో కూడా ఆయన ముందు 'చంటీ' అనకుండా మాట మొదలుపెట్టడు.

పైగా ఆ ఒక్క మెయిల్ ఉంది. నోటికొచ్చేసింది.

"'ఇంట్లో చెప్పినా అర్థం కాదు. మీకైతే సగం మాటలోనే తెలిసిపోతుంది.' ఎవరు రాశారండీ ఇది?"

డిప్యూటీ తువ్వాలు తీసి కుర్చీ మీద వేశాడు. మళ్లీ తీశాడు. మడత పెట్టాడు.

"అది... ట్యాంకు గురించి రాసిన మాట."

"ఏ ట్యాంకు గురించైనా సరే. 'ఇంట్లో' అంటే ఎవరు? మీ అక్కా? సోఫానా?"

"నన్ను లాగకండి," అంది వదిన, ఇంకొంచెం ముందుకి జరుగుతూ.

"నాకు ఎప్పుడైనా చెప్పారా మీరు, అర్థమవుతుందో లేదో తెలియడానికి? రెండేళ్లుగా ఇంటికొచ్చి అన్నం తిని, టీవీ చూసి, పడుకుంటున్నారు. ఏమైందండీ అంటే తలనొప్పి అంటారు. తలనొప్పి నాకూ, మాటలు ఆవిడకీనా?"

ఆయన మడత పెట్టిన తువ్వాలు పక్కన పెట్టాడు. వాచీ చూసుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"సరే చంటీ. ఇవాళ మూడింటికి నువ్వు మా ఆఫీసుకి రావాలి. విచారణ అధికారి ఆ మెయిల్ తెరిచి చూపించమన్నారు. రెండింటికి వచ్చి నిన్ను తీసుకెళ్తాను. ఈలోపు కోపం తగ్గితే పాస్‌వర్డు ఫోన్‌లో పంపు."

"విచారణేమిటి? నేనెందుకు రావాలి?"

అప్పటికే ఆయన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

*

చంటి పనిచేసేది కళ్లజోళ్ల షాపులో. కంటి డాక్టరు రాసిచ్చిన చీటీ ప్రకారం అద్దాలు చూసి, ఫ్రేములో బిగించి, మనిషి ముక్కుకీ చెవులకీ సరిపడేలా వంచి ఇవ్వడం ఆమె పని. పద్నాలుగేళ్ల నుంచి చేస్తోంది. ఎవరి మొహం ఎంత వంకరో ఒక్క చూపులో చెప్పగలదు.

ఆ రోజు పదకొండున్నరకి షాపులోకి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. జుట్టు సగం నెరిసింది, రంగు వేసుకోలేదు. వేళ్ల చివర్లు ఏదో మందు తగిలినట్టు పసుపు రంగులో ఉన్నాయి. చేతిలో రెండు ముక్కలైన కళ్లజోడు, చంకలో అట్ట ఫైలు.

"ఇది అతుకుతుందాండీ?"

"అతకదండీ. కొత్త ఫ్రేమే. కూర్చోండి, కొలత తీసుకుంటాను."

చంటి స్కేలు పట్టుకుని ఎదురుగా కూర్చుంది. కంటిపాపల మధ్య దూరం కొలవాలంటే జానెడు దూరంలో మొహంలో మొహం పెట్టి చూడాలి. ఆ కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోని కళ్లు.

"కదలకండి. నా ముక్కు వైపు చూడండి."

"మీరేనా డిప్యూటీ గారి మిసెస్?" అంది ఆవిడ, కదలకుండానే. "నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. మీతో మాట్లాడాలనే వచ్చాను. కళ్లజోడు నిజంగానే విరిగిందనుకోండి."

స్కేలు చంటి చేతిలో అలాగే ఉండిపోయింది.

మూడు రోజులుగా చంటి ఈ మనిషికి ఎన్ని మొహాలు తగిలించిందో లెక్కలేదు. సన్నగా పొడుగ్గా ఒకసారి, బుగ్గ మీద సొట్టతో ఒకసారి. ఎదురుగా ఉన్న మనిషి వీటిలో ఏదీ కాదు. చూసి తేలిక పడాల్సింది పోయి చంటికి ఇంకా కడుపు మండింది. అందంగా ఉంటే మగవాడి కళ్లు పోయాయిలే అని సరిపెట్టుకోవచ్చు. ఈవిడతో ఆయన పంచుకున్నది మాటలే. ఆ మాటలు తనకి రాలేదు.

"అరవై రెండు," అంది చంటి స్కేలు చూసి, కాగితం మీద రాసుకుంటూ. "చెప్పండి, ఏమిటి మాట్లాడేది?"

"మీరు ఇవాళ ఏం చెబుతారో కనుక్కుందామని."

"దేని గురించి?"

ల్యాబ్ మేడమ్ చంటిని వింతగా చూసింది. "ఆయన మీకేం చెప్పలేదా?"

ఆ ప్రశ్న చురుక్కుమంది. ఇంట్లో ఏం జరుగుతోందో బయటి మనిషిని అడిగి తెలుసుకునే గతి పట్టింది కదా అనుకుంది చంటి. అయినా పంతానికి పోతే తెలిసేది లేదు.

"చెప్పలేదు. మీరు చెప్పండి."

ల్యాబ్ మేడమ్ ఫైలు విప్పింది. గొంతు పెంచకుండా, లెక్కల టీచరు బోర్డు మీద రాసినంత వరుసగా చెప్పింది. తూర్పు కాలనీలో కొత్త ట్యాంకు కట్టారు. ప్రారంభోత్సవానికి పెద్ద నాయకుడొకాయన వస్తున్నాడని తేదీ ఖాయమైంది. ఆ ముందు వారం తను మూడుసార్లు నీళ్లు తీసి పరీక్ష చేసింది. మూడుసార్లూ క్లోరిన్ చాలక తాగడానికి పనికిరావనే తేలింది. మూడు రిపోర్టులూ డిప్యూటీకి పంపింది.

"ఆఫీసు మెయిల్‌కి పంపబోతే వద్దన్నారు. అలవాటుగా వాడే పర్సనల్‌కే పంపమన్నారు. ఆఫీసు మెయిల్‌లో పడితే రికార్డయిపోతుంది, ఫంక్షన్ అయ్యాక చూద్దామన్నారు. ఇదిగో, ఆయన జవాబు. 'ప్రస్తుతానికి రిపోర్టు పక్కన పెట్టండి.' నేను పక్కన పెట్టాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను."

"తర్వాత?"

"ట్యాంకు తెరిచిన నాలుగో రోజుకి కాలనీలో నలభై ఒక్క మంది ఆస్పత్రి పాలయ్యారు. ఒక ముసలాయన ఇంకా కళ్లు తెరవలేదు."

షాపు ఓనరు అవతల ఎవరికో చలవ అద్దాలు చూపిస్తున్నాడు. రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. చంటికి తల కొట్టేసినట్టయింది. ఆ అంకెలన్నీ తను కూడా చూసింది. సున్నా పాయింటు ఒకటి, సున్నా పాయింటు సున్నా ఐదు. ఊళ్లో వాళ్లు తాగే నీళ్ల లెక్క అది. దాన్ని దాటేసి 'గారు' ఎక్కడ పోయిందా అని వెతుక్కుంటూ కూర్చుంది. సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా ఎదుటి మనిషి మీద కోపంగానే మారింది.

"ఇదంతా నాకెందుకు చెబుతున్నారు? మీరూ ఆయనా తేల్చుకోండి. సగం మాటలోనే అర్థమవుతుందటగా మీకు."

ల్యాబ్ మేడమ్ మొహం కందిపోయింది. ఫైలు అంచు సరిచేసుకుంది.

"మీరు ఏమనుకుంటున్నారో అర్థమైందండీ. అలాంటిదేం లేదు. ఉంటే మీ షాపుకి వచ్చి మీ ఎదురుగా కూర్చునేదాన్ని కాదు." ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "నిజం చెప్పమంటారా? కుళ్లుకున్నది నేను. చూడండి, ఆయన పంపిన ప్రతి మెయిల్ అడుగునా ఏముందో."

చంటి చూసింది. 'ప్రస్తుతానికి రిపోర్టు పక్కన పెట్టండి' అన్న వాక్యం కింద, రెండు గీతల తర్వాత, 'ఇట్లు, మేమిద్దరం' అని ఉంది.

అది చంటి పెట్టిందే. ఇరవై రెండేళ్ల కిందట, మెయిల్ తెరిచిన రోజునే, ఏం పంపినా అడుగున తనంతట తనే పడేలా పెట్టింది. ఆయన ఆ కుర్చీలో నవ్వాడు కూడా. ఫోన్‌లో అది మూడు చుక్కల వెనక దాక్కుంటుంది, అందుకే చదివిన రెండు రోజులూ ఆమె కంట పడలేదు. ఆయన కంటా పడలేదు, లేకపోతే ఎప్పుడో తీసేసేవాడు. రెండేళ్లుగా ఊరి నీళ్ల ఉత్తర్వులన్నీ ఆ మాటతోనే వెళ్లాయి.

"మీకు తెలిసే జరుగుతోందనుకున్నాను," అంది ల్యాబ్ మేడమ్. "ఈయన భార్యకి చెప్పకుండా ఏదీ చెయ్యడు, ఎంత మంచి మనిషో అనుకున్నాను. మా ఆయన పోయి తొమ్మిదేళ్లు. బతికున్నప్పుడూ నా పేరూ ఆయన పేరూ ఒక కాగితం మీద పక్కపక్కన పడింది లేదు. మీ మెయిల్ వచ్చినప్పుడల్లా ఆ రెండు ముక్కలు చూసి ఒళ్లు మండేది నాకు."

చంటి ఆ రెండు ముక్కలు మళ్లీ చదివింది. తనమీద కుళ్లుకున్నదట. దేన్ని చూసి? ఇంట్లో లేని దాన్ని చూసి.

"ఇప్పుడు దాన్నే పట్టుకున్నారాయన," ల్యాబ్ మేడమ్ ఆఖరి కాగితం తీసింది. "నిన్న విచారణలో రాసిచ్చారు. నాకూ నకలు ఇచ్చారు, చదవండి. ఆ మెయిల్ తనది కాదట, మీదట. తను ఎప్పుడూ తెరవలేదట. నేను తెలివితక్కువగా ఆఫీసుకి పంపాల్సిన రిపోర్టులు ఎవరో ఇల్లాలికి పంపుకున్నానట. మీరు అవునంటే ఇవాళ్టితో నా ఉద్యోగం పోతుంది. ఆ నలభై ఒక్క మంది పాపం నా నెత్తినే పడుతుంది."

చంటి చదివింది. ఆయన సంతకం గుర్తుపట్టింది. మొదటి అక్షరం ఎప్పుడూ అలాగే పెద్దదిగా వేస్తాడు.

"ఫ్రేము సాయంత్రానికి అవుతుందండీ," అంది. కొలత రాసిన కాగితం మడిచి డ్రాయరులో వేసుకుంది.

*

"నాదని రాసిచ్చారట!"

రెండింటికి డిప్యూటీ ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పకముందే చంటి అడిగింది. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వదిన వింటోంది.

ఆయన బుకాయించలేదు. గుమ్మంలోనే కూర్చుండిపోయాడు, పక్కన బ్యాగు పెట్టుకుని.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబితేనేం? మూడు రోజులుగా పాస్‌వర్డు, పాస్‌వర్డు అని తలుపు కొట్టింది ఇందుకా? మొత్తం తీసేద్దామనా?"

"తీసేస్తే వాళ్లకి చూపించడానికి ఏమీ మిగిలేది కాదు. నీ పేరు కూడా వచ్చేది కాదు. నువ్వు తాళం మార్చేశావు. నిన్న అధికారి ఎవరిదని అడిగితే నా నోటికి అదే వచ్చింది." తలెత్తాడు. "పైనుంచి ఫోన్ వచ్చింది చంటీ. ఫంక్షన్ ఆగితే నా సంగతి చూస్తామన్నారు. ఫోన్‌కి రికార్డు లేదుగా. కాగితం మీద మిగిలింది నా మాట ఒక్కటే."

"అందుకని నన్ను పెట్టారు."

"నీకేం కాదు. నువ్వు ఉద్యోగివి కాదు, నీ మీద శాఖకి అధికారం లేదు. మందలించి వదిలేస్తారు. నేనైతే జైలుకి పోతాను."

"జవాబులున్నాయిగా! ఎవరు రాశారంటే?"

"నువ్వే రాశావని చెప్పు."

"రిపోర్టు పక్కన పెట్టండి, ప్రస్తుతానికి... ఈ భాష నాదా?"

ఆయన బ్యాగు ఒళ్లోకి తీసుకున్నాడు. తర్వాత ఎంతో నెమ్మదిగా, రాత్రంతా కూర్చుని కట్టుకున్న మాటలా చెప్పాడు.

"కోపంతో రాశానని చెప్పు. ఎవరో ఆడమనిషి మీ ఆయనకి రోజూ మెయిళ్లు పంపుతుంటే ఒళ్లు మండి, ఆయన పేరుతో నువ్వే జవాబులిచ్చావని. రిపోర్టులు దాచావని. నమ్ముతారు. అందరూ నమ్ముతారు. అక్క కూడా సాక్ష్యం చెబుతుంది, మూడు రోజులుగా నువ్వెలా ఉన్నావో."

"నన్ను లాగొద్దన్నానా?" అని వంటగదిలోంచి వినపడింది, ఈసారి భయంగా.

చంటి గోడకి ఆనుకుంది. తన కుళ్లుని తన మొగుడే మడతపెట్టి, ఇస్త్రీ చేసి, విచారణకి తొడుక్కెళ్లమని చేతికిస్తున్నాడు. కోపం రావాలి. వచ్చింది కూడా. అంతలో ఆయన చెయ్యి చాపి ఆమె పాదం పట్టుకున్నాడు. వెక్కి వెక్కి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నాకు ఇంకెవరున్నారు చంటీ?"

ఇరవై రెండేళ్లలో ఆయన ఏడవడం చూడలేదు. ఆ ఏడుపు ఆవిడ చూడలేదు, ఆవిడకి మెయిల్‌లో పంపలేదు. ఇది తనకి మాత్రమే వచ్చింది. ఇంతకాలానికి ఆయనకి తను అవసరమైంది, ఆవిడ కాదు. ఈ ఆలోచన తప్పని చంటికి తెలుసు. ఆస్పత్రిలో కళ్లు తెరవని ముసలాయన కూడా గుర్తొచ్చాడు. అయినా మనసు అటే మొగ్గింది.

"లేవండి," అంది. "మొహం కడుక్కోండి. నేనే రాశానని చెబుతాను."

*

మూడో అంతస్తులో సమావేశాల గది. పొడుగాటి బల్ల. ఒకవైపు శాఖ ఉద్యోగులు, రెండోవైపు బయటివాళ్లు కూర్చోవాలట. అందుకని డిప్యూటీ వెళ్లి ల్యాబ్ మేడమ్ పక్క కుర్చీలో కూర్చున్నాడు. చంటి ఎదురుగా ఒంటరిగా. బల్ల చివర విచారణ అధికారి, ఆయన పక్కన కంప్యూటరు ముందు టైపిస్టు.

అధికారి మెత్తని మనిషి. ముందు చంటికి మంచినీళ్లు ఇప్పించాడు. చంటి గ్లాసు ముట్టుకోలేదు.

"ఈ మెయిల్ మీదేనా అమ్మా?"

"నేను తెరిచిందేనండీ."

టైపిస్టు కొట్టాడు. డిప్యూటీ ఊపిరి వదిలాడు. ల్యాబ్ మేడమ్ తలొంచుకుంది. విరిగిన కళ్లజోడుకి దారం చుట్టి పెట్టుకుంది. అది పక్కకి జారుతోంది. పని తెలిసిన చెయ్యి కాబట్టి చంటికి దాన్ని సరిచేయాలనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే చిరాకేసింది.

అధికారి కాగితం ఆమె ముందుకి జరిపాడు. "ఈ జవాబులు చూడండి. 'ప్రస్తుతానికి రిపోర్టు పక్కన పెట్టండి.' వీటిని రాసింది మీరేనా? తొందర లేదు, ఆలోచించుకుని చెప్పండి. ఇది రాతపూర్వకంగా ఎక్కుతుంది."

'అవును' అన్న మాట చంటి నాలుక మీదే ఉంది. దారి పొడుగునా వల్లె వేసుకుంటూనే వచ్చింది. నోరు తెరిచింది.

అదే సమయంలో బల్లకి అవతల డిప్యూటీ కొంచెం పక్కకి వంగాడు. ఎవరికీ వినపడదనుకున్నాడు. అధికారికి వినపడలేదు, టైపిస్టుకీ వినపడలేదు.

"నన్ను క్షమించండి మేడమ్."

చంటికి వినపడింది.

పరువు తీసుకోబోతున్నది తను. నలభై ఒక్క మంది ఉసురు నెత్తిన వేసుకోబోతున్నది తను. ఇకమీదట వీధిలో తల ఎత్తలేనిది తను. ఈ మూడు రోజుల్లో, తలుపు అవతల్నుంచి గానీ, గుమ్మంలో పాదం పట్టుకుని గానీ, ఆయన ఎన్నో మాటలన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం అనలేదు. అది దాచి దాచి తెచ్చి, ఇక్కడ, తన కళ్లెదుటే, ఆవిడకిచ్చాడు.

"అమ్మా?" అన్నాడు అధికారి.

"చెబుతాను." చంటి గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "ముందు మా ఆయన్ని ఆవిడ పక్కనుంచి లేపండి."

"చంటీ!" అన్నాడు డిప్యూటీ.

అధికారి కలం కింద పెట్టాడు. "ఎందుకమ్మా?"

"ఇటు నా పక్కన కూర్చోమనండి. ఆయన రాసినవి ఆయన్ని పక్కన పెట్టుకుని చదువుతాను. అక్కడుంటే నాకు ఆవిడ మొహమే కనిపిస్తోంది."

ఆ మాట నోరు జారి వచ్చిందో, తనే అనుకుని అన్నదో చంటికే తెలియలేదు. టైపిస్టు వేళ్లు ఆగలేదు. విన్నది విన్నట్టు ఎక్కించడం ఆయన పని, 'ఆయన రాసినవి' అని అప్పటికే ఎక్కించేశాడు.

కుర్చీలోంచి సగం లేచిన డిప్యూటీ, కూర్చోవాలో ఇటు రావాలో తేలక, బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.